నాలుగు స్టేషన్ల ఆట
(అమెరికా కళాశాల ఫుట్‌బాల్ కథ – తొమ్మిదో భాగం)

1981 శరదృతువులో ఒక వారాంతం. లాస్ ఏంజెలెస్ కొలీజియంలో సదరన్ కాలిఫోర్నియా, ఓక్లహోమా జట్లు తలపడ్డాయి. దేశంలో మొదటి రెండు ర్యాంకులూ ఆ రెండింటివే. చివరి సెకన్లలో టచ్‌డౌన్ కొట్టి సదరన్ కాలిఫోర్నియా 28-24తో బయటపడింది. ఏబీసీ ఆ ఆటను రెండు వందల స్టేషన్లలో చూపించింది. అదే వారాంతంలో సిటడెల్, అప్పలాచియన్ స్టేట్ అనే రెండు చిన్న జట్ల ఆట కూడా టీవీలో వచ్చింది. దాన్ని ప్రసారం చేసిన స్టేషన్లు నాలుగంటే నాలుగు. ప్రసార రుసుము మాత్రం నాలుగు జట్లకూ ఒకటే ముట్టింది. ఈ లెక్క ఆ తర్వాత కోర్టుకెక్కింది. న్యాయమూర్తికి అది వింతగా తోచింది, ఓక్లహోమాకు అన్యాయంగా తోచింది. సిటడెల్ వాళ్లకు ఏమనిపించిందో ఎవరూ అడిగినట్టు లేదు.

కొత్తగా ఈ ధారావాహిక అందుకున్నవారికి రెండు మాటలు చెప్పాలి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు చొచ్చుకుపోయే అమెరికన్ ఆట. కాన్ఫరెన్స్ అంటే విశ్వవిద్యాలయాలు తమంతట తాము కట్టుకున్న సంఘం. మన రంజీ గ్రూపుల్లాగా పైనుంచి బోర్డు వేసిన విభజన కాదది. ఎవరిని లోపలికి రానివ్వాలో సభ్యులే ఓటేసుకుంటారు, ఎప్పుడు గడప దాటాలో వెళ్లేవాళ్లే తేల్చుకుంటారు. బలమైన కాన్ఫరెన్స్ విస్తరిస్తుందనీ, చేవ తగ్గినది కూలిపోతుందనీ అక్కడి అభిమానుల నమ్మకం. సీజన్ నడిచే నాలుగు నెలలూ ఎవరి కాన్ఫరెన్స్ గొప్పదన్న పేచీ సాగుతూనే ఉంటుంది. చరిత్ర తిరగేస్తే ఆ నమ్మకం నిలబడదు. గత నలభై ఏళ్లలో ఏ కాన్ఫరెన్స్ పెరిగినా, ఏది కూలినా, దాని తలరాత రాసింది మైదానంలో బలం కాదు, ఆటను టీవీకి అమ్మే పద్ధతి. ఈ భాగమంతా ఆ మాటకు రుజువులు చూపడానికే.

టీవీ లేని కాలంలో సంగతి వేరుగా ఉండేది. 1895 జనవరిలో పర్డ్యూ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు జేమ్స్ స్మార్ట్ పిలుపు మీద షికాగోలో ఏడు విద్యాసంస్థల అధిపతులు కూర్చున్నప్పుడు వారి దిగులంతా ఒక్కటే. కళాశాలలో పేరైనా నమోదు కాని వాళ్లు జట్లలో ఆడేస్తున్నారు, ఆట అధ్యాపకుల చెయ్యిదాటి పోతోంది. ఆ మరుసటి ఏడాది రూపుదిద్దుకున్న ఆ సంఘమే నేటి బిగ్ టెన్. సభ్యులందరూ ఒకే ప్రాంతం వాళ్లు, రైలు ప్రయాణానికి అందే దూరంలో ఉన్నవాళ్లు. దక్షిణాదిన సదరన్ కాన్ఫరెన్స్ 23 మంది సభ్యుల దాకా ఉబ్బింది. అప్పుడు అప్పలాచియన్ కొండలకు పడమరన, దక్షిణాన ఉన్న పదమూడు విశ్వవిద్యాలయాలు 1932 డిసెంబరులో నాక్స్‌విల్‌లో విడిపోయి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే ఎస్‌ఈసీ పెట్టుకున్నాయి. 1953లో అదే సదరన్ నుంచి మరో ఏడు చీలి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అయ్యాయి. ఆ రోజుల్లో బలహీనులను ఎవరూ గెంటలేదు, వాళ్లే తప్పుకునేవారు. ఎస్‌ఈసీ వ్యవస్థాపకుల్లో ఒకటైన స్వానీ కాన్ఫరెన్స్‌లో ఆడిన 37 ఆటలూ ఓడిపోయి 1940లో సెలవు పుచ్చుకుంది. బిగ్ టెన్ వ్యవస్థాపకుల్లో ఒకటైన షికాగో విశ్వవిద్యాలయం 1939 సీజన్ తర్వాత ఫుట్‌బాల్‌నే వదిలేసింది. ఆ నిర్ణయంతో ఎవరి ఆదాయమూ పడిపోలేదు కనుక పెద్దగా గోల కూడా జరగలేదు.

టీవీ వచ్చాక కళాశాల క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ భయపడింది. ఇంట్లో కూర్చుని ఆట చూడగలిగితే టికెట్టు కొని స్టేడియానికి ఎవరొస్తారు? అందుకే 1950ల మొదట్లోనే ప్రసారాన్ని తన గుప్పిట్లోకి తీసుకుంది. 1980ల ఆరంభానికి ఆ పథకం ఎంత బిగుసుకుందంటే, ఎంత గొప్ప జట్టయినా రెండేళ్లలో ఆరుసార్లకు మించి తెర మీదికి రాకూడదు. అదే రెండేళ్లలో ఒక్కో నెట్‌వర్క్ కనీసం 82 వేర్వేరు విద్యాసంస్థలను చూపించి తీరాలి. సిటడెల్ ఆటకు నాలుగు స్టేషన్లయినా దొరికింది ఇలాంటి నియమాల పుణ్యమే. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దావా వేశాయి. 1984 జూన్ 27న సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఎన్‌సీఏఏ పథకం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసినది జస్టిస్ స్టీవెన్స్. విభేదించిన ఇద్దరిలో జస్టిస్ బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో జట్టులో దేశమంతా పేరు మోసిన ఆటగాడు. కళాశాల ఆటను వట్టి వ్యాపారంగా తూచడం తగదని, దాని విద్యా లక్ష్యాలనూ లెక్కలోకి తీసుకోవాలని ఆయన రాశారు. ఆ బెంచి మీద మైదానం మట్టి అంటినవాడు ఆయనొక్కడే. ఆయన మాట నెగ్గలేదు.

తీర్పు రాగానే గెలిచినవాళ్లకే దెబ్బ తగిలింది. అందరూ ఒక్కసారిగా ఆటలు అమ్మకానికి పెట్టడంతో సరుకు ఎక్కువై ధర పడిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అచ్చంగా ఇలాంటి వాటి కోసమే పుట్టి ఉంటుంది. విడివిడిగా అమ్ముకుంటే చితికిపోతామని ఆ సీజన్‌లోనే అర్థమైంది. పెద్ద జట్లు కొంతకాలం ఉమ్మడిగా బేరమాడాయి. 1990లో నోటర్‌డామ్ తన ఇంటి ఆటలను ఎన్‌బీసీకి ఒక్కదానిగా అమ్ముకోవడంతో ఆ కట్టు తెగింది. ఇక మిగిలిన దుకాణం ఒక్కటే: కాన్ఫరెన్స్. తొంభై ఏళ్లుగా నియమాలు రాసుకునే సంఘంగా బతికినది ఆ రోజు నుంచి హక్కులు అమ్మే సంస్థ అయింది. విస్తరణ కథ అక్కడ మొదలైంది.

దాన్ని మొదట పసిగట్టినవాడు ఎస్‌ఈసీ కమిషనర్ రాయ్ క్రేమర్. పన్నెండు మంది సభ్యులుండి రెండు విభాగాలుగా ఆడే కాన్ఫరెన్స్ అదనంగా ఒక టైటిల్ పోరు పెట్టుకోవచ్చని ఎన్‌సీఏఏ నిబంధనల్లో ఒక మూల ఉంది. చిన్న కళాశాలల అవసరానికి రాసుకున్న నిబంధన అది, పెద్దవాళ్లెవరూ దాని వంక చూడలేదు. ఎస్‌ఈసీలో అప్పటికి పది జట్లు. ఆర్కన్సా, సౌత్ కరొలైనా చేరితే పన్నెండు. చేర్చుకున్నారు. 1992 డిసెంబరు 5న బర్మింగ్‌హామ్ లీజియన్ ఫీల్డ్‌లో తొలి టైటిల్ పోరు. ఒకవైపు అప్పటిదాకా ఒక్క ఆటా ఓడని అలబామా, మరోవైపు ఫ్లోరిడా. స్కోరు 21-21. మూడు నిమిషాల పైచిలుకు సమయం మిగిలి ఉంది. బంతి ఫ్లోరిడా చేతిలో ఉంది. క్వార్టర్‌బ్యాక్ షేన్ మాథ్యూస్ పక్కకు విసిరిన బంతి ముందుకు అలబామా ఆటగాడు ఆంటోనియో లాంగమ్ దూసుకొచ్చాడు, అందుకుని 27 గజాలు పరిగెత్తి గీత దాటాడు. 28-21. ఆ బంతిని ఫ్లోరిడా అందుకుని ఆట గెలిచి ఉంటే అలబామా జాతీయ టైటిల్ ఆశ అక్కడే ఆవిరయ్యేది. క్రేమర్ తన సొంత జట్టు మెడకే ఉరి బిగించాడని దేశమంతా నవ్వుకునేది. అలబామా కొత్త సంవత్సరం రోజున మయామిని ఓడించి జాతీయ విజేత అయింది, నవ్వబోయినవాళ్లు తమ కాన్ఫరెన్సులకు పన్నెండో సభ్యుణ్ని వెతకడం మొదలుపెట్టారు. టెక్సస్ జట్లతో నిండిన సౌత్ వెస్ట్ కాన్ఫరెన్స్ 1996తో కాలగర్భంలో కలిసింది. అందులోంచి నాలుగు జట్లను కలుపుకుని బిగ్ ఎయిట్ అనే కాన్ఫరెన్స్ బిగ్ 12 అయింది.

ఎవరిని చేర్చుకున్నారో చూస్తే అసలు లెక్క బయటపడుతుంది. 2014లో బిగ్ టెన్ చేర్చుకున్న రట్గర్స్‌నే తీసుకోండి. 1869 నవంబరు 6న ప్రిన్స్‌టన్‌తో దేశంలోనే తొలి కళాశాల ఫుట్‌బాల్ ఆట ఆడి 6-4తో గెలిచిన ఘనత దానిది. ఆ తర్వాతి శతాబ్దంన్నరలో చెప్పుకోదగ్గ బలం ఎప్పుడో గానీ లేదు. అయినా పిలుపు దానికెందుకొచ్చింది? బిగ్ టెన్ 2007లో సొంత టీవీ చానల్ పెట్టుకుంది. కేబుల్ కంపెనీలు కాన్ఫరెన్స్ సభ్యులున్న రాష్ట్రాల్లో ఆ చానల్‌కు ఇంటికి ఇంతని నెలనెలా కట్టేవి, బయటి రాష్ట్రాల్లో అందులో స్వల్ప భాగమే కట్టేవి. రట్గర్స్ చేరితే న్యూజెర్సీ, న్యూయార్క్ పరిసరాలు పెద్ద రేటులోకి వచ్చేస్తాయి. దాంతోపాటే మేరీలాండ్ చేరితే వాషింగ్టన్, బాల్టిమోర్ కూడా. రట్గర్స్ స్టేడియం పిస్కాటవేలో ఉంది, దాన్ని ఆనుకునే ఎడిసన్. అక్కడ మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో అమెరికాలో చుట్టాలున్న ప్రతివారికీ తెలుసు. తెలుగు చానళ్లూ క్రికెట్టూ తప్ప మరేదీ చూడని ఇల్లయినా సరే, ఆ చానల్ ఉన్న ప్యాకేజీ తీసుకుంటే కేబుల్ బిల్లులోంచి కాసిని పైసలు బిగ్ టెన్‌కు చేరేవి. ఆట చూడనివాళ్లు కూడా కప్పం కట్టే ఏర్పాటు ఇది. టచ్‌డౌన్లతో పనేముంది?

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ఎస్‌ఈసీ 2006 నుంచి 2012 దాకా వరుసగా ఏడు జాతీయ టైటిళ్లు కొట్టింది, ఆ బలం వల్లే కదా అందరూ అటు చూస్తున్నారు, 2024లో టెక్సస్, ఓక్లహోమా వచ్చి చేరింది అందుకే కదా అంటారు. ఏడు టైటిళ్లూ నిజమే, కానీ అవి తెచ్చినవాళ్లెవరు? ఫ్లోరిడా, లూసియానా స్టేట్, అలబామా, ఆబర్న్. నాలుగూ 1932లో నాక్స్‌విల్‌లో సంతకం పెట్టిన జట్లే. విస్తరణతో వచ్చిన ఆర్కన్సా, సౌత్ కరొలైనా గానీ, 2012లో వచ్చిన మిజోరి, టెక్సస్ ఏ అండ్ ఎం గానీ ఎస్‌ఈసీ టైటిల్ ఒక్కటీ గెలవలేదు. బలం చూసి తెచ్చుకున్నా అది తెచ్చుకున్న చోట నిలవదు. 1990ల్లో మూడుసార్లు జాతీయ టైటిల్ అందుకున్న నెబ్రాస్కా 2011లో బిగ్ టెన్‌కు వచ్చాక కాన్ఫరెన్స్ టైటిల్ ముఖమే చూడలేదు. ఐదు జాతీయ టైటిళ్ల మయామి 2004లో అట్లాంటిక్ కోస్ట్‌లో చేరింది, అక్కడి టైటిల్ ఇంతవరకు దక్కలేదు. ఓరెగాన్ వచ్చిన మొదటి ఏడాదే, 2024లోనే, బిగ్ టెన్ గెలిచిందంటారా, ఒప్పుకుంటాను. కోచ్ మారితే జట్టు మారుతుంది, నాలుగేళ్లలో ఆటగాళ్లంతా మారిపోతారు. మారనివి రాష్ట్రంలోని ఇళ్ల సంఖ్య, దశాబ్దాలుగా వేళ్లూనుకున్న అభిమానం. కొనేవాడు వాటికే డబ్బు పెడతాడు.

అసలు కాన్ఫరెన్స్ బలాన్ని కొలవడమే గాలి లెక్క. పద్నాలుగు జట్లు తమలో తాము ఎనిమిదేసి ఆటలు ఆడితే మొత్తం 56 ఆటలు, 56 గెలుపులు, 56 ఓటములు. అందరూ అరివీరభయంకరులైనా అంతే, అందరూ అర్భకులైనా అంతే. బలం తెలియాలంటే బయటివాళ్లతో ఆడాలి. ఆ ఆటలు జట్టుకు మూడో నాలుగో, అవి కూడా చాలావరకు ఏరి తెచ్చుకున్న బలహీనులతో. మిగిలినదంతా పేరుప్రతిష్ఠల మీద నడిచే బండి. 2023 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ పదమూడుకు పదమూడూ గెలిచి అట్లాంటిక్ కోస్ట్ టైటిల్ పట్టుకుని నిలబడితే, ఎంపిక సంఘం నాలుగు జట్ల ప్లేఆఫ్‌లోకి దాన్ని రానివ్వలేదు. ఒక ఆట ఓడిన అలబామాను తీసుకుంది. ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడన్నది చెప్పిన కారణం. అది నిజమైన కారణమే, తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఆ జట్టు జార్జియా చేతిలో 63-3తో చిత్తయిన మాటా నిజమే (కీలక ఆటగాళ్లు చాలామంది ఆ ఆటకు దిగనే లేదనుకోండి). కానీ అలబామా బలం ఎక్కడిది అంటే ఎస్‌ఈసీ నుంచి, ఎస్‌ఈసీ బలం ఎక్కడిది అంటే అలబామా లాంటి జట్ల నుంచి. ఈ గుండ్రపు తర్కానికి ఒక్కోసారి పగుళ్లు కనిపిస్తాయి. 2007 సెప్టెంబరు 1న ఐదో ర్యాంకు మిషిగన్ తన స్టేడియంలో, లక్షా తొమ్మిది వేల మంది ఎదుట, కింది శ్రేణి నుంచి పిలిపించుకున్న జట్టుతో ఆడింది. ఆఖరి సెకన్లలో మిషిగన్ కొట్టబోయిన ఫీల్డ్ గోల్‌ను ఆ చిన్న జట్టు అడ్డుకుని 34-32తో గెలిచింది. ఆ జట్టు పేరు అప్పలాచియన్ స్టేట్. అవును, ఆ నాలుగు స్టేషన్ల జట్టే. ఆ ఆట ప్రసారమైంది రెండు రోజుల ముందే మొదలైన బిగ్ టెన్ చానల్‌లో. కేబుల్ కంపెనీల్లో చాలావాటితో అప్పటికింకా బేరం తెగలేదు, దేశంలో ఎక్కువ ఇళ్లకు ఆ చానలే రాలేదు.

బలంతో పనిలేదనడానికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం పాక్-12 చావు. పసిఫిక్ తీరపు ఈ కాన్ఫరెన్స్ 1915లో పోర్ట్‌లాండ్‌లో నాలుగు సంస్థలతో పుట్టింది. దాని టీవీ చానళ్లు 2012లో వచ్చాయి. భాగస్వామి లేకుండా పూర్తిగా సొంతంగా నడుపుకుంటామని పంతం పట్టడంతో డైరెక్ట్‌టీవీ లాంటి పెద్ద పంపిణీదారుతో చివరిదాకా ఒప్పందం కుదరలేదు. పక్క కాన్ఫరెన్సుల వాటాలు పెరుగుతుంటే వీళ్లది వెనకబడింది. 2022 జూన్ 30న సదరన్ కాలిఫోర్నియా, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్తున్నామని ప్రకటించాయి. మరుసటి వేసవిలో కొలరాడో కదిలింది. ఆగస్టు 4న ఓరెగాన్, వాషింగ్టన్ కూడా బిగ్ టెన్ దారి పట్టాయి. పన్నెండులో పది వెళ్లిపోయాయి. ఆ చివరి సీజన్‌లోనే వాషింగ్టన్ ఓటమి లేకుండా జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత మంచి ఆట ఆడుతూ ఆ కాన్ఫరెన్స్ కన్నుమూసింది. ఎవరు బతికారన్నది ఇంకా విడ్డూరం. ఓరెగాన్ స్టేట్ 2022 సీజన్‌ను పది గెలుపులు, మూడు ఓటములతో ముగించి, బౌల్ ఆటలో ఫ్లోరిడాను 30-3తో ఓడించింది. స్టాన్‌ఫర్డ్ 2021 నుంచి 2024 దాకా వరసగా ప్రతి ఏటా మూడు ఆటలే గెలిచింది. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్‌ను అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్ పిలిచి చేర్చుకుంది, కార్వాలిస్ అనే చిన్న ఊళ్లో ఉన్న ఓరెగాన్ స్టేట్‌ను ఎవరూ పలకరించలేదు. ఆ ప్రకటన వచ్చిన రెండున్నర నెలలకు రెండు జట్లూ తలపడ్డాయి. ఓరెగాన్ స్టేట్ 62, స్టాన్‌ఫర్డ్ 17.

స్టాన్‌ఫర్డ్‌కు చదువుల్లో ఉన్న పేరు చూసి పిలిచారని కొందరంటారు. బిగ్ టెన్ కూడా పరిశోధనా విశ్వవిద్యాలయాలనే ఏరుకుంటుందన్న మాట ఎప్పటినుంచో ఉంది. కొంత నిజం. అయితే నెబ్రాస్కాకు ఆహ్వానం అందాక, అది ఇంకా బిగ్ టెన్ మైదానంలో అడుగుపెట్టకముందే, 2011లో అగ్రశ్రేణి పరిశోధనా విశ్వవిద్యాలయాల సంఘం దాన్ని సభ్యత్వం నుంచి తొలగించింది. ఆహ్వానం వెనక్కి పోలేదు. చదువు గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నల్లో ఒకటి, తలుపు తాళం దాని చేతిలో లేదు.

మరి ఈ పెరుగుదల ఎందాక? 1996లో వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ ఒక్కసారిగా పదహారు జట్లకు పెరిగింది. మూడేళ్లు తిరగకుండా ఎనిమిది జట్లు బయటికొచ్చి మౌంటెన్ వెస్ట్ పెట్టుకున్నాయి. పాత మిత్రులతో ఆటలు తగ్గాయి, ప్రయాణాల ఖర్చు పెరిగింది, పంచుకునే చేతులు ఎక్కువయ్యాయి. నేటి పెద్ద కాన్ఫరెన్సులకు ఆ గతి పట్టదని, వీటి దగ్గర వందల కోట్ల డాలర్లున్నాయని వాదించవచ్చు. బిగ్ టెన్ 2022లో కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే. తేడా ఉందని ఒప్పుకుంటాను. కానీ డబ్బు ఉన్నంత మాత్రాన చీలిక రాదనుకోలేం, పంపకంలో చీలిక అప్పుడే మొదలైంది. ఓరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో సగం వాటాకు ఒప్పుకుని చేరాయి. సదరన్ మెథడిస్ట్ తొమ్మిదేళ్లు ప్రసార వాటా అడగనని రాసిచ్చి అట్లాంటిక్ కోస్ట్‌లో కాలు పెట్టింది. అదే కాన్ఫరెన్స్‌ను ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కోర్టుకు లాగాయి, 2025లో రాజీ కుదిరింది. రాజీ షరతుల్లో ముఖ్యమైనది, ఎవరి ఆటలను ఎక్కువమంది చూస్తే వారికి ఎక్కువ వాటా.

అంటే 1981లో ఓక్లహోమా అడిగిన ప్రశ్న తిరిగి తిరిగి కాన్ఫరెన్స్ లోపలికే వచ్చింది. రెండు వందల స్టేషన్లవాడు నాలుగు స్టేషన్లవాడితో సమానంగా ఎందుకు పంచుకోవాలి? అప్పుడు అది ఎన్‌సీఏఏను అడిగిన ప్రశ్న, ఇక మీదట ఒహాయో స్టేట్ పర్డ్యూను అడగవలసిన ప్రశ్న. పద్దెనిమిది జట్ల బిగ్ టెన్‌లో ఒక్కో జట్టు కాన్ఫరెన్స్‌లో ఆడేది తొమ్మిది ఆటలే, మిగిలిన పదిహేడింట్లో ఎనిమిదింటి ముఖమే చూడదు. లాస్ ఏంజెలెస్ నుంచి రట్గర్స్‌కు దాదాపు 3,900 కిలోమీటర్లు. వీళ్లను కలిపి ఉంచుతున్నది పొరుగుతనం కాదు, పాత పగ కాదు, ఒక ఒప్పందం గడువు. వచ్చే మార్పు ఇంకా చేర్చుకోవడం కన్నా ఏరేయడంగా ఉంటుందని నా అంచనా. బిగ్ టెన్ ప్రసార ఒప్పందం 2030 వేసవితో ముగుస్తుంది. పర్డ్యూ అభిమానులు ఆ తేదీ రాసి పెట్టుకోవడం మంచిది. 1895లో అందరినీ షికాగోకు పిలిచి కూర్చోబెట్టింది వాళ్ల అధ్యక్షుడే.